గడియారం తప్పితే లెక్క తప్పుతుంది

అది ఒక ఊరు. ఆ ఊళ్లో గ్రామ సంఘం ఆఫీసు ఉంది. ఆఫీసంటే ఒకటే గది. గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఇనప బీరువా. బల్ల మీద ఒక కంప్యూటర్. పక్కన రసీదులు అచ్చు వేసే ప్రింటర్. పొదుపు సంఘాల అప్పులు, వాయిదాలు అన్నీ ఆ కంప్యూటర్లోనే ఎక్కిస్తారు.

శనివారం సాయంత్రం లెక్కలు రాసే అమ్మాయి కంప్యూటర్ ఆపింది. గోడ మీది స్విచ్ కూడా ఆపింది. తాళం వేసి ఇంటికి పోయింది. ఆదివారం సెలవు.

సోమవారం పొద్దున్నే ఒక అక్క వచ్చింది. ఆమె గేదె కొనడానికి సంఘంలో అప్పు తీసుకుంది. నెలకు 2,000 రూపాయలు వాయిదా. పాలు పోసిన డబ్బులు కొంగున ముడి వేసుకుని తెచ్చింది. గడువు 10వ తేదీ దాకా ఉంది. ఆమె 6వ తేదీనే వచ్చింది. డబ్బు కట్టింది. రసీదు తీసుకుంది. మడిచి పోపుల డబ్బాలో దాచుకుంది.

11వ తేదీన సంఘం మీటింగు జరిగింది. ఆ నెల వాయిదా కట్టనివారి పేర్లు చదివారు. మొత్తం ఆరు పేర్లు. అందులో గేదె అక్క పేరు కూడా ఉంది. కట్టనివారికి 50 రూపాయలు జరిమానా. మళ్లీ అప్పు అడిగితే వెనక వరసలోకి పోవాలి. అది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటే.

"నేను కట్టాను" అంది అక్క.

"కంప్యూటర్లో లేదు అక్కా" అంది అమ్మాయి.

అందరూ ఆమె వంకే చూశారు. ఒకరిద్దరు గుసగుసలాడారు. అక్కకు తల కొట్టేసినట్టయింది. ఏమీ మాట్లాడలేదు. లేచి ఇంటికి పోయింది. పోపుల డబ్బా మూత తీసింది. రసీదు పట్టుకుని మళ్లీ మీటింగుకు వచ్చింది.

ఆమె ఈ మధ్యనే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అంకెలు బాగా వచ్చు. రసీదు మీద వేలు పెట్టి చదివింది. పేరు సరిగానే ఉంది. 2,000 అంకె సరిగానే ఉంది. తేదీ దగ్గర వేలు ఆగింది.

"పాపా, ఇక్కడ 1-1-2015 అని ఉందేమిటి? 2015లో మన ఆఫీసే లేదు గదా. నా గేదె కూడా లేదు!"

మీటింగులో అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. రసీదు తీసుకుని చూసింది. ఆమె ముఖం మారిపోయింది. సోమవారం మధ్యాహ్నం కంప్యూటర్లో తేదీ తప్పుగా ఉండటం ఆమె చూసింది. వెంటనే సరిచేసింది. అంతటితో అయిపోయింది అనుకుంది. కానీ అప్పటికే పొద్దున ఆరుగురు డబ్బు కట్టి వెళ్లారు. ఆ ఆరుగురి లెక్కా 2015లోకి పోయింది. ఈ నెల పట్టీలో ఎక్కలేదు.

డబ్బు పోలేదు. మనుషులు తప్పు చేయలేదు. గడియారం తప్పింది. మాట పడ్డది మాత్రం గేదె అక్క.

కంప్యూటర్ గడియారం ఎందుకు తప్పుతుంది? దాన్ని ఎలా కనిపెట్టాలి? ఎలా సరిచేయాలి? తెలుసుకుందాం.

కంప్యూటర్లో గడియారం ఎక్కడుంది?

కంప్యూటర్ తెర మీద ఒక మూలన టైము, తేదీ కనబడతాయి. అది పైకి కనబడే గడియారం. అసలు గడియారం లోపల ఉంటుంది.

కంప్యూటర్ పెట్టె లోపల ఒక పెద్ద పలక ఉంటుంది. దాన్ని మదర్‌బోర్డు అంటారు. ఆ పలక మీద ఒక చిన్న గడియారం ఉంటుంది. దానికి ముళ్లు ఉండవు. టిక్కు టిక్కు మనదు. అందులో క్వార్ట్జ్ అనే రాయి ముక్క ఉంటుంది. అది చాలా చిన్నది. దానికి కరెంటు తగిలితే అదురుతుంది. సెకనుకు సరిగ్గా 32,768 సార్లు అదురుతుంది. అన్నిసార్లు అదిరితే ఒక సెకను అయినట్టు లెక్క. మన చేతి గడియారాల్లో, గోడ గడియారాల్లో కూడా చాలా వాటికి ఈ రాయే ఉంటుంది.

అంటే కంప్యూటర్లో రెండు గడియారాలు ఉన్నట్టు. ఒకటి లోపలి గడియారం. ఇది రాత్రీ పగలూ నడుస్తుంది. రెండోది పై గడియారం. కంప్యూటర్ పని చేస్తున్నంత సేపే ఇది నడుస్తుంది. కంప్యూటర్ ఆపితే ఇది ఆగిపోతుంది.

బస్సులో ప్రయాణం చేస్తూ ఒకాయన నిద్రపోయాడు. మెలకువ వచ్చింది. ఏ ఊరు వచ్చిందో తెలియదు. ఏం చేస్తాడు? పక్కనున్న మనిషిని అడుగుతాడు. పక్క మనిషి సరిగా చెబితే సరైన చోట దిగుతాడు. తప్పు చెబితే తప్పు చోట దిగుతాడు.

కంప్యూటర్ కూడా అంతే. ఆన్ చేయగానే పై గడియారం లోపలి గడియారాన్ని అడుగుతుంది. "ఇప్పుడు టైమెంత? ఈ రోజు ఏ తేదీ?" లోపలి గడియారం ఏది చెబితే అదే నమ్ముతుంది. ఇది నిజమా, కాదా అని తనంతట తాను ఆలోచించదు. గోడ మీది క్యాలెండర్ వంక చూడదు.

కరెంటు తీసేస్తే ఏమవుతుంది?

లోపలి గడియారం రాత్రీ పగలూ నడవాలి గదా. మరి దానికి కరెంటు ఎక్కడిది?

గోడ మీది స్విచ్ వేసి ఉంటే అక్కడి నుంచి వస్తుంది. కంప్యూటర్ ఆపినా సరే, స్విచ్ వేసి ఉన్నంత సేపు కొద్దిపాటి కరెంటు లోపలికి పోతూనే ఉంటుంది. గడియారానికి అది చాలు.

గోడ స్విచ్ ఆపితే? కరెంటు పోతే? అప్పుడు ఒక చిన్న సెల్లు గడియారాన్ని నడిపిస్తుంది. అది గుండ్రంగా, బిళ్లలాగా, చొక్కా గుండీ లాగా ఉంటుంది. అందుకే బటన్ సెల్లు అంటారు. చాలా కంప్యూటర్లలో వాడే సెల్లు పేరు సీఆర్ 2032. దాని వెడల్పు 20 మిల్లీమీటర్లు. మందం 3 మిల్లీమీటర్ల పైచిలుకు. బలం 3 వోల్టులు.

ఆ సెల్లు సాధారణంగా కొన్నేళ్లు వస్తుంది. కానీ గోడ స్విచ్ ఎక్కువ సేపు ఆపి ఉంచితే సెల్లు మీద భారం పడుతుంది. కరెంటు కోతలు ఎక్కువ ఉన్న చోట కూడా అంతే.

సెల్లు అయిపోయినా వెంటనే తెలియదు. గోడ స్విచ్ వేసి ఉన్నన్నాళ్లు గడియారం బాగానే నడుస్తుంది. ఒక్కసారి స్విచ్ ఆపామా, గడియారం ఆగిపోతుంది. మళ్లీ స్విచ్ వేస్తే దానికి పాత సంగతులేవీ గుర్తుండవు. ఆ కంప్యూటర్ తయారైనప్పుడు పెట్టిన మొదటి తేదీకి పోతుంది. ఒక కంప్యూటర్లో అది 2010 కావచ్చు. ఇంకోదాంట్లో 2015 కావచ్చు.

గేదె అక్క ఊళ్లో జరిగింది ఇదే. సెల్లు ఎప్పుడో అయిపోయింది. రోజూ స్విచ్ ఆపకుండా పోయేవారు. అందుకని ఎవరికీ తెలియలేదు. ఆ శనివారం అమ్మాయి జాగ్రత్త కోసం స్విచ్ ఆపింది. సోమవారానికి కంప్యూటర్ 2015 జనవరి 1కి పోయింది.

మరి గోడ స్విచ్ ఆపడం తప్పా? తప్పు కాదు. ఉరుములు, పిడుగుల కాలంలో ఆపడమే మంచిది. సెల్లు బాగుంటే ఎన్ని రోజులు ఆపినా గడియారం తప్పదు. సెల్లును చూసుకోకపోవడమే తప్పు.

ఇంకో చిక్కు: నిద్రపోయే కంప్యూటర్

పట్నం నుంచి మెకానిక్ అబ్బాయి వచ్చాడు. సెల్లు మార్చాడు. తేదీ, టైము సరిచేశాడు. పది రోజులు బాగానే నడిచింది. తర్వాత మళ్లీ ఒక చిక్కు వచ్చింది.

మధ్యాహ్నం 12 గంటలకు అమ్మాయి అన్నానికి పోయింది. 12 గంటల 40 నిమిషాలకు తిరిగి వచ్చింది. కంప్యూటర్ తెర నల్లగా ఉంది. మౌస్ కదిపింది. తెర వెలిగింది. టైము చూస్తే 12 గంటల 2 నిమిషాలు! గోడ గడియారం మాత్రం 12 గంటల 40 నిమిషాలే చెబుతోంది.

ఈసారి తేదీ తప్పలేదు. టైము ఒక్కటే వెనకబడింది. సెల్లు కొత్తదే. మరి ఎందుకిలా?

కరెంటు బిల్లు తగ్గాలని అమ్మాయి కంప్యూటర్లో ఒక ఏర్పాటు చేసింది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటర్ నిద్రపోవాలి. దీన్నే స్లీప్ అంటారు. కరెంటు ఆదా చేసే ఇలాంటి ఏర్పాట్లు కంప్యూటర్లో నాలుగు రకాలు ఉంటాయి.

మొదటిది తెర ఆరిపోవడం. తెర మాత్రమే ఆరుతుంది. లోపల కంప్యూటర్ మేలుకునే ఉంటుంది. రెండు గడియారాలూ నడుస్తూనే ఉంటాయి.

రెండోది స్లీప్. కంప్యూటర్ పని ఆపేస్తుంది. చేస్తున్న పనిని గుర్తు పెట్టుకోవడానికి మాత్రం కొద్దిగా కరెంటు తీసుకుంటుంది.

మూడోది హైబర్నేట్. ఇది గాఢ నిద్ర. చేస్తున్న పనిని లోపలి డిస్కులో రాసిపెట్టుకుని పూర్తిగా ఆగిపోతుంది.

నాలుగోది షట్‌డౌన్. అంటే ఆపేయడం. అయితే విండోస్ ఉన్న కంప్యూటర్లలో ఇందులో ఒక మెలిక ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు పెట్టారు. త్వరగా ఆన్ కావడం కోసం ఇది పెట్టారు. ఇది ఉంటే షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు. కొంత భాగం గాఢ నిద్రలోకి పోతుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి.

కంప్యూటర్ నిద్రపోతే పై గడియారం ఆగుతుంది. లేవగానే అది లోపలి గడియారాన్ని అడిగి సర్దుకోవాలి. చాలా కంప్యూటర్లు అలాగే సర్దుకుంటాయి. లేచిన తర్వాత రెండు మూడు సెకన్లు పాత టైము కనబడితే కంగారు పడక్కర్లేదు. వెంటనే సరైన టైము వస్తుంది.

కొన్ని కంప్యూటర్లలో ఈ అడగడం సరిగా జరగదు. మదర్‌బోర్డు మీద బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. కంప్యూటర్ను లేపేది అదే. అందులో లోపం ఉంటే లేవగానే టైము తప్పుతుంది. నిద్రపోయినప్పటి టైము దగ్గర నుంచే పై గడియారం మళ్లీ నడవడం మొదలెడుతుంది.

నలభై నిమిషాలకు ఏమవుతుంది అనుకోవచ్చు. శనివారం సాయంత్రం నిద్రపోయిన కంప్యూటర్ను సోమవారం లేపారనుకోండి. దాని లెక్కలో అది ఇంకా శనివారమే. గడువు ఆదివారంతో అయిపోయినా, సోమవారం కట్టినవారు శనివారం కట్టినట్టు రసీదు వస్తుంది. తప్పు మనకు లాభంగా ఉన్నా అది తప్పే. రేపు ఆడిట్ వచ్చినప్పుడు సంఘం మొత్తం జవాబు చెప్పుకోవాలి.

తేడా ఎంతో చూడండి, కారణం దొరుకుతుంది

జ్వరం ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది అని డాక్టరు అడుగుతాడు. దాన్నిబట్టి జబ్బు పోల్చుకుంటాడు. గడియారం సంగతీ అంతే. ఎంత తప్పింది, ఎప్పుడు తప్పింది అని చూస్తే సగం కారణం తెలిసిపోతుంది. పక్కన మన సెల్‌ఫోను పెట్టుకుని చూడాలి. ఫోను తన టైమును మామూలుగా సిగ్నల్ నుంచే తీసుకుంటుంది. అందుకని అది సరిగా ఉంటుంది.

గోడ స్విచ్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల తరబడి వెనక్కి పోతోందా? అయితే బటన్ సెల్లు అయిపోయింది.

నిద్ర లేచిన తర్వాతే టైము వెనకబడుతోందా? రీస్టార్ట్ చేస్తే సరిపోతోందా? అయితే తప్పు స్లీప్ దగ్గర ఉంది.

సరిగ్గా ఐదున్నర గంటలు తేడా ఉందా? అయితే టైమ్ జోన్ తప్పుగా ఉండి ఉంటుంది. టైమ్ జోన్ అంటే మనం ఏ దేశపు టైములో ఉన్నామో చెప్పేది. ప్రపంచమంతటికీ లెక్క కోసం ఒక టైము పెట్టుకున్నారు. మన దేశం టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. మన దేశానికి ఈ టైమును 1906లో పెట్టారు.

సరిగ్గా పన్నెండు గంటలు తేడా ఉందా? అయితే చేత్తో టైము పెట్టేటప్పుడు ఎవరో పగలుకు బదులు రాత్రి పెట్టారు.

నెల రోజులకు అర నిమిషమో, నిమిషమో తేడా వస్తోందా? అది జబ్బు కాదు. మామూలు రాయి రోజుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకుంటే అదే సర్దుకుంటుంది.

సరిచేసే పద్ధతి

మెకానిక్ అబ్బాయి రెండోసారి వచ్చాడు. ఈసారి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గేదె అక్క కూడా వచ్చి కూర్చుంది. "నువ్వు చేసేది మాకు కూడా చెప్పు నాయనా. ప్రతిసారీ నీ కోసం ఎదురు చూడలేం గదా" అంది. అతను ఒక్కొక్కటే చేసి చూపించాడు.

ఒకటి. ముందు టైమ్ జోన్ చూడాలి. తెర మూలన టైము మీద మౌస్ పెట్టి కుడి బటన్ నొక్కాలి. తేదీ, టైము సరిచేసే చోటు వస్తుంది. అక్కడ మన దేశం వరస ఎంచుకోవాలి. ఆ వరసలో చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ పేర్లు ఉంటాయి. హైదరాబాద్ పేరు ఉండదు. విజయవాడ పేరు ఉండదు. కంగారు పడొద్దు. దేశమంతటికీ ఒకటే టైము.

రెండు. తేదీ బాగా తప్పి ఉంటే ముందు చేత్తో సరిచేయాలి. సంవత్సరం, నెల, తేదీ, టైము వరసగా చూసుకోవాలి. ఎందుకంటే విండోస్ ఉన్న ఇంటి కంప్యూటర్లలో తేడా 15 గంటలకు మించితే, ఇంటర్నెట్ టైమును అది సాధారణంగా తనంతట తాను తీసుకోదు. అంత తేడా ఎలా వచ్చిందని అనుమానపడుతుంది.

మూడు. తర్వాత టైమును ఇంటర్నెట్ నుంచి దానంతట అది తెచ్చుకునేలా పెట్టాలి. దీనికి అక్కడే ఒక మీట ఉంటుంది. ఇంటర్నెట్లో టైము చెప్పడానికే కొన్ని కంప్యూటర్లు ఉంటాయి. మన కంప్యూటర్ వాటిని అడిగి సరిచేసుకుంటుంది. మన దేశానికి సరైన టైమును కాపాడే పని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల చూస్తుంది.

నాలుగు. స్లీప్ మీద అనుమానం ఉంటే పరీక్ష పెట్టాలి. సెట్టింగుల్లో పవర్ అనే చోటుకు పోవాలి. స్లీప్ దగ్గర ఎప్పుడూ వద్దు అని పెట్టాలి. వారం రోజులు చూడాలి. టైము తప్పకపోతే తప్పు స్లీప్‌దే అని తేలిపోయింది.

ఐదు. ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేసి చూడాలి. పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే చోట అది ఉంటుంది. దాని పక్కన టిక్కు తీసేస్తే చాలు. కంప్యూటర్ ఆన్ కావడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. అంతే.

ఆరు. స్లీప్ కావాల్సిందే అనుకుంటే బయోస్ ప్రోగ్రాంను కొత్తది చేయించాలి. ఇది తెలిసినవారే చేయాలి. ఈ పని మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ పాడవుతుంది. అందుకని యూపీఎస్ ఉన్న చోటే చేయించాలి.

మరి కరెంటు ఆదా సంగతి? దానికీ దారి ఉంది. పది నిమిషాలు ముట్టుకోకపోతే తెర మాత్రం ఆరిపోయేలా పెట్టుకోవచ్చు. దాని వల్ల గడియారం తప్పదు. సాయంత్రం పని అయిపోగానే పూర్తిగా ఆపేయవచ్చు. ఆ ఊరి ఆఫీసులో ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

గడియారం తప్పితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బ్యాంకు పేజీలు, ప్రభుత్వ పేజీలు ఇంటర్నెట్లో తెరుచుకోవు. ఎందుకని? అలాంటి ప్రతి పేజీకి ఒక గుర్తింపు పత్రం ఉంటుంది. బస్సు పాసులాగా దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. కంప్యూటర్ ఆ తేదీలు చూస్తుంది. తాను 2015లో ఉన్నాననుకుంటుంది. ఈ పాసు ఇంకా మొదలే కాలేదే అనుకుని పేజీ తెరవదు. ఇంటర్నెట్ పని చేస్తున్నా అలాంటి పేజీలు ఒక్కటీ తెరుచుకోకపోతే ముందు తేదీ చూడండి.

సెల్లు మార్చేటప్పుడు జాగ్రత్త

సెల్లు ఖరీదు తక్కువే. మార్చే పని కూడా చిన్నదే. కానీ మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. కంప్యూటర్ ఆపాలి. గోడ నుంచి ప్లగ్గు పీకాలి. అలవాటు లేనివారు పెట్టె విప్పకూడదు. కొత్త సెల్లు పెట్టేటప్పుడు కూడిక గుర్తు ఉన్న వైపు మామూలుగా పైకి ఉండాలి. పాతది ఎలా ఉందో చూసి అలాగే పెట్టాలి.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త పిల్లల గురించి. పాత సెల్లును బల్ల మీద వదిలేయకూడదు. గుమ్మంలో పారేయకూడదు. అది మెరుస్తూ బిళ్లలాగా ఉంటుంది. చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. అయిపోయిన సెల్లయినా ప్రమాదమే.

పిల్లలు సెల్లు మింగారని అనుమానం వస్తే ఆలస్యం చేయకూడదు. వాంతి చేయించకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. బటన్ సెల్లు మింగారు అని డాక్టరుకు చెప్పాలి. పాత సెల్లుకు రెండు వైపులా ప్లాస్టిక్ టేపు చుట్టి, మెకానిక్‌కే ఇచ్చేయడం మంచిది.

రాసిపోయిన తప్పు సంగతి

గడియారం సరిచేశాం. ఇక అంతా బాగున్నట్టేనా? కాదు. గేదె అక్క సంగతి గుర్తుందిగదా.

గడియారం సరిచేస్తే ఇక మీదట రాసేది సరిగా ఉంటుంది. అంతకుముందు తప్పు తేదీతో రాసినది అలాగే ఉండిపోతుంది. దాన్ని మనిషే వెతికి సరిచేయాలి. అమ్మాయి అదే మరిచిపోయింది.

ఆ ఊళ్లో ఏం చేశారు? మీటింగులోనే పాస్‌బుక్కులు తెప్పించారు. చేతితో రాసే డబ్బుల చిట్టా తీశారు. 6వ తేదీ పొద్దున ఆరుగురు డబ్బు కట్టినట్టు చిట్టాలో ఉంది. ఆ రోజు బీరువాలో పెట్టిన మొత్తం కూడా సరిపోయింది. కంప్యూటర్లో 2015 జనవరి 1 కింద వెతికితే ఆరు పేర్లూ దొరికాయి. తేదీలు సరిచేశారు. ఎందుకు సరిచేశారో తీర్మానం పుస్తకంలో రాశారు. అందరూ సంతకాలు పెట్టారు. ఆరుగురికీ కొత్త రసీదులు ఇచ్చారు. జరిమానా కొట్టేశారు.

గేదె అక్కను ఉద్దేశించి అధ్యక్షురాలు లేచి చెప్పింది. "తప్పు కంప్యూటర్ది. కానీ నీ మాట వినకుండా కంప్యూటర్ మాట విన్నది మేము. ఏమనుకోకు."

అక్క ఒకటే మాట అంది. "నాకు అంకెలు రాకపోతే ఈ రోజు నేను దొంగనే గదా."

ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. రాత్రి బడికి ఆ వారం మరో ముగ్గురు కొత్తగా వచ్చారు. వాళ్లలో ఇద్దరు ఆ ఆరుగురిలోని వాళ్లే. వాళ్ల దగ్గర కూడా రసీదులు ఉన్నాయి. వాటి మీద కూడా 2015 అనే ఉంది. చదవడం రాక ఊరుకున్నారు.

ఇప్పుడు ఆ ఆఫీసులో కొత్త అలవాటు వచ్చింది. పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే అమ్మాయి తేదీ, టైము పైకి చదువుతుంది. ముందుగా వచ్చిన అక్క తన ఫోనులో చూసి సరే అంటుంది. ఆ తర్వాతే డబ్బు తీసుకుంటారు. రసీదు చేతికి రాగానే ప్రతి ఒక్కరూ అక్కడే నిలబడి మూడు సంగతులు చదువుకుంటారు. పేరు, డబ్బు, తేదీ.

గుర్తుంచుకుందాం

కంప్యూటర్ తన గడియారాన్ని గుడ్డిగా నమ్ముతుంది. మనం నమ్మకూడదు. చూసి నమ్మాలి.

గోడ స్విచ్ ఆపితే తేదీ తప్పుతోందంటే సెల్లు మార్చాలి. నిద్ర లేచాక టైము తప్పుతోందంటే స్లీప్ ఆపి చూడాలి. ఐదున్నర గంటల తేడా ఉంటే టైమ్ జోన్ చూడాలి.

తప్పు గడియారం రాసిన లెక్కలు వాటంతట అవి మారవు. వెతికి సరిచేయాలి.

రసీదు, పాస్‌బుక్కు, చేతి చిట్టా జాగ్రత్తగా దాచుకోవాలి. మన మాటకు అవే సాక్ష్యం.

ఆలోచించండి, చెప్పండి

1. కంప్యూటర్ ఆపినా లోపలి గడియారం ఎలా నడుస్తుంది?

2. గేదె అక్క డబ్బు కట్టినా ఆమె పేరు కట్టనివారి పట్టీలో ఎందుకు వచ్చింది?

3. తెర ఆరిపోవడానికి, స్లీప్‌కు తేడా ఏమిటి?

4. మీ ఇంట్లో ఉన్న రసీదులు, బిల్లులు తీయండి. వాటి మీద తేదీలు చదవండి. అన్నీ సరిగా ఉన్నాయా?

5. మీ సంఘంలో లెక్క తప్పు వస్తే ఎవరి మాట నమ్ముతారు? ఎలా తేలుస్తారు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.